ఏ మిషను కొనాలె అని అడిగే ముందు మీటరు చూడు

పోయిన నెల నా పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చిండు. డిప్లొమా చదివి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ కంప్యూటర్ షాపుల్లో రిపేర్లు చేస్తున్నడు. "సార్, ఇంట్లో పెట్టుకునే బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్లు మూడు చూసిన. ఏది కొనాలె?" అన్నడు. పైసలెక్కడివి బిడ్డా అంటే "అమ్మ చిట్టి ఎత్తుతది సార్" అన్నడు. ఆ తల్లి తెల్లారకముందే లేచి మునిసిపాలిటీ రోడ్లు ఊడుస్తది. ఆ చిట్టి కూతురి నర్సింగు చదువు కోసం వేసింది.

ఇట్లాంటి పిలగాళ్లు మన బస్తీల్లో ఇంకా ఉన్నరు కాబట్టి ఇది రాయాల్సి వస్తున్నది.

మైనింగ్ అంటే గని లేదు, పార లేదు, తట్ట లేదు. లోకంలోని యంత్రాలన్నీ ఒక అంకె కోసం పందెం కాస్తయి. దాదాపు 10 నిమిషాలకొకసారి ఎవరికో ఒకరికి తగులుతుంది. 2009లో గెలిచినోడికి 50 కాయిన్లు దక్కేవి. సగం సగం తగ్గుతూ వచ్చి 2024 ఏప్రిల్ నుంచి 3.125 అయింది. మొదట్లో మామూలు కంప్యూటరే సరిపోయేది. 2013 నుంచి ఈ ఒక్క పనికే చేసిన ఏసిక్ యంత్రాలొచ్చి ఇంటి కంప్యూటర్‌ను పక్కకు నెట్టినయి. గ్రాఫిక్స్ కార్డులు ఈథీరియం కోసం కొన్నాళ్లు నడిచినయి. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగునే ఎత్తేసింది. ఆ పాత కార్డులు ఎవరన్నా మైనింగుకని అంటగడితే తీసుకోకండి.

ఇక వాడు చూసిన మూడు. ఒకటి, 2016 నాటి ఆంట్‌మైనర్ ఎస్9, సెకండ్ హ్యాండ్. వేగం 13.5 టెరాహాష్‌లు. టెరాహాష్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. కరెంటు సుమారు 1,350 వాట్లు. రెండు, ఎస్21. 200 టెరాహాష్‌లు, 3,500 వాట్లు. మూడు, అరచేతిలో పట్టే బిట్‌యాక్స్. 1.2 టెరాహాష్‌లు, 18 వాట్లు.

వేగం చూసి ఎస్21 మీద మనసు పడ్డడు. కాగితం తీసి లెక్కకు కూర్చున్నం. 2025లో లోకంలోని యంత్రాల మొత్తం వేగం 100 కోట్ల టెరాహాష్‌లకు చేరింది. అందులో ఎస్21 వాటా 50 లక్షల్లో ఒక వంతు. రోజుకు పుట్టేవి సుమారు 450 కాయిన్లు. నెలకు వీడికొచ్చేది 0.0027 కాయిన్. కాయిన్ ధర 80 లక్షలు అనుకుంటే 21,600 రూపాయలు. మరి కరెంటు? నెలకు 2,520 యూనిట్లు. మన దగ్గర స్లాబులున్నయి కదా, 800 యూనిట్లు దాటితే యూనిట్ 10 రూపాయలు. బిల్లు 23,690. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. మిషను వెల ఇంకా లెక్కలోకే రాలేదు!

ఎస్9 అయితే మరీ ఘోరం. నెలకు 972 యూనిట్లు కాల్చి 8,210 రూపాయల బిల్లు తెచ్చి, చేతికి 1,458 రూపాయలిస్తది. పైగా 2024లో వచ్చిన గృహజ్యోతి కింద ఆ తల్లికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్నది. అది దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఒక్క గది ఇంట్లో రాత్రింబవళ్లు ఆ ఫ్యాన్ల మోత, వేడి. ఆడపిల్ల పుస్తకం ఎక్కడ తెరవాలె?

బిట్‌యాక్స్ కరెంటు తినదు, నిజమే. కానీ ఒంటరిగా పందెం కాస్తే దానికి సగటున దాదాపు 16 వేల ఏళ్లకొకసారి తగులుతుంది. అది లాటరీ టికెట్టు. విప్పి చూసి పని నేర్చుకునేటోడు, తన సొంత సంపాదనతో కొనుక్కుంటే నేను వద్దనను. మన పిల్లలకు యంత్రాలు రావాలె.

ఇంతట్లో పన్ను సంగతి. 2022 బడ్జెట్ నుంచి అమ్మిన లాభం మీద 30 శాతం. మైనింగ్ సామాను ఖర్చు అందులోంచి తీసెయ్యడానికి లేదని ప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది.

పిలగాడు ఊరుకోలేదు. "బాబాసాహెబ్ కూడా డబ్బు అచ్చెయ్యడానికి హద్దుండాలన్నడు కద సార్. బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలే" అన్నడు. చదివిండని సంతోషమైంది. 1923లో 'రూపాయి సమస్య' రాసిన అంబేద్కర్ హద్దు కోరింది నిజం. ఎందుకు కోరిండు? రూపాయి విలువ పడితే కూలోడి జీతం కరిగి వ్యాపారి లాభమైతదని. 2021 నవంబర్‌లో 69 వేల డాలర్లున్న బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరికి పడింది. కూలోడి జీతం దాంట్లో పెడితే ఏమైతుండె?

ఈ పందెంలో మిగిలేది చౌక కరెంటు దొరికే పెద్ద కంపెనీలకు, మిషన్లు అమ్మేటోళ్లకు. ఇంకా దొంగలు వేరే. మైనింగ్ చేసి నెలకు 10 శాతం ఇస్తమన్న గెయిన్‌బిట్‌కాయిన్ అమిత్ భరద్వాజ్‌ను 2018లో పుణె పోలీసులు అరెస్టు చేసిన్రు. అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది డిపాజిట్‌దారులు ఎట్ల తిరిగిన్రో మన ఊళ్లల్లో చూసినోళ్లం. అప్పుడు భూమి పేరు చెప్పిన్రు, ఇప్పుడు మిషను పేరు చెప్తున్నరు.

పిలగాడు లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకున్నడు. కొంటడో మానతడో ఇంకా తెల్వదు. చిట్టి పాట వచ్చే నెల పదో తారీకున. అంతకుముందే వాళ్లమ్మను కలుస్త. మీ ఇండ్లల్ల గిట్లాంటి మాట లేస్తే, కరెంటు బిల్లు పట్టుకొని ఆదివారం పొద్దున బస్తీ కమ్యూనిటీ హాలుకు రాండ్రి. కాగితం, పెన్ను నేను తెస్త.