కోతలప్పుడే ఎందుకీ కబురు?

తాండూరు మార్కెట్ యార్డులో కొత్త కందులు దిగే రోజుల్లో, అడ్తి దుకాణంలో చిట్టా రాసే నన్ను రైతులు అడిగేవి రెండే. తేమ ఎంత వచ్చింది? రేపు రేటు ఎట్లుంటది? మొదటిదానికి మిషన్ చెప్తుంది. రెండోదాని జవాబు ఇప్పుడు యాలాలలోనో బషీరాబాద్‌లోనో దొరకదు. మొజాంబిక్ నకాలా రేవులో, యాంగోన్‌లో, ఈమధ్య వాషింగ్టన్‌లో వెతుక్కోవాలి.

2015లో కందిపప్పు కిలో రెండు వందలకు ఎగబాకితే, మరుసటేడు ప్రధాని మొజాంబిక్ రాజధాని మపూటో వెళ్లి కందుల ఒప్పందం చేసుకొచ్చారు. తర్వాత మయన్మార్, మలావీలతోనూ చేసుకున్నారు. ఆఫ్రికాలో చైనా రోడ్లు వేస్తుంది, మనం కందులు కొంటాం. అదీ దౌత్యమే, తప్పుపట్టను.

పసుపు బఠానీ సంగతి ఇంకా విచిత్రం. 2023 సెప్టెంబరులో కెనడాతో మాటామాటా పెరిగి దౌత్యవేత్తలను వెళ్లగొట్టుకున్నాం. అదే డిసెంబరులో బఠానీ మీద సుంకం ఎత్తేశాం. ఆ గింజ వచ్చేది ముఖ్యంగా కెనడా, రష్యాల నుంచే. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని యాభై శాతం చేసింది. నవంబరు నుంచి మనం బఠానీపై ముప్పై శాతం వేస్తే, అది తీయించాలని ఇద్దరు అమెరికా సెనేటర్లు తమ అధ్యక్షుడికి ఉత్తరం రాశారు. వాళ్ల రైతు కోసం వాళ్లు రాశారు, రాయాల్సిందే.

అందరితోనూ వ్యాపారం నడవాలి. పప్పు ధర పెరిగితే మా వికారాబాద్ జిల్లాలో కూలికి పోయే ఇల్లే ముందు పప్పు మానేస్తుంది. నా పేచీ తేదీతో. కంది జూన్, జూలైలో విత్తితే చేతికొచ్చేది డిసెంబరు, జనవరిలో. కందుల దిగుమతికి ఇచ్చిన సడలింపును ఇంకో ఏడాది, 2026 మార్చి దాకా, పొడిగించిన కబురు వచ్చింది 2025 జనవరి 20న. అప్పటికి మా యార్డులో బస్తాలు దిగుతున్నాయి. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 7,550 రూపాయలు. ఆ సీజన్‌లో బయటి రేటు అంతకంటే కిందికి జారింది. 2022 డిసెంబరులో తాండూరు కందికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపొచ్చిందని సంబరపడ్డాం గానీ, పప్పు మిల్లులో పడ్డాక ఏ గింజది ఏ ఊరో ఎవరు చూస్తారు?

కంది వదిలి పత్తి వేసినవాళ్లూ తప్పించుకోలేదు. అమెరికా సుంకాలు మొదలైన ఆ ఆగస్టులోనే పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని ఎత్తేసి, దాన్నే డిసెంబరు దాకా పొడిగించారు. సరిగ్గా మా పత్తి తీతల కాలం.

ప్రభుత్వాన్ని అడిగేదిదే: ఎవరితో ఏం ఒప్పుకున్నా విత్తే ముందే, మే నెలాఖరుకల్లా చెప్పండి. మార్కెట్ రేటు మద్దతు ధర కిందికి దిగిన రోజున దిగుమతి సుంకం దానంతటదే పెరిగేలా దిగుమతి ఉత్తర్వులోనే రాయండి. అవతలి దేశం అడిగితే చూపించడానికీ ఓ కాగితం ఉంటుంది.