తరగతి గదికి రాని శిక్షణ

ఏడాదికి 50 గంటలు. వృత్తిలో ఎదగడానికి ప్రతి ఉపాధ్యాయుడూ శిక్షణలో గడపాల్సిన కనీస సమయమంటూ జాతీయ విద్యావిధానం-2020 పెట్టిన లెక్క ఇది. ఆ గంటలు పూర్తిచేయకపోతే టీచర్లది బద్ధకమంటారు. పూర్తిచేస్తే, మరి పిల్లలకు చదవడం ఎందుకు రావడం లేదని నిలదీస్తారు. ఆ 50 గంటలు ఎక్కడ గడుస్తున్నాయని మాత్రం ఎవరూ అడగరు. నా అభ్యంతరం అక్కడే.

దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో 2015, 2016 సంవత్సరాల్లో ఒక ప్రయోగం జరిగింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు మాతృభాష సెట్స్వానాలో చదవడం నేర్పే ప్రభుత్వ బడులవి. 50 బడుల టీచర్లకు పాఠ్య ప్రణాళికలు, పుస్తకాలు ఇచ్చి, ఒకచోట చేర్చి శిక్షణ ఇచ్చారు. మరో 50 బడులకు అవే పాఠ్య ప్రణాళికలు, అవే పుస్తకాలు ఇచ్చి, కోచ్‌లను తరచూ తరగతి గదికే పంపారు. ఈ రెండూ లేని 80 బడులతో పోల్చితే, పిల్లల చదువులో మెరుగుదల మొదటి పద్ధతిలో 0.12 ప్రామాణిక విచలనం, రెండో పద్ధతిలో 0.24. రెట్టింపు!

ఎందుకో టీచర్లకు తెలుసు. పాఠం చెబుతున్నప్పుడు మనమేం చేస్తున్నామో మనకు కనపడదు. ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరిచేలోపే మనమే జవాబు చెప్పేస్తాం. ముందు వరుసవాళ్లు చేతులెత్తితే క్లాసంతటికీ వచ్చేసిందనుకుంటాం. ఆన్‌లైన్ శిక్షణ వేదిక ‘దీక్ష’లో ఎన్ని వీడియోలు చూసినా ఇది తెలియదు. వెనక కూర్చుని పాఠమంతా విన్న మనిషి, బెల్లయ్యాక, ‘ఆ మూలనున్న అమ్మాయిని ఇవాళ ఒక్కసారైనా పలకరించారా మేడమ్?’ అన్నప్పుడు గుండెలో కలుక్కుమంటుంది. ఆత్మపరిశీలన మొదలయ్యేది ఆ క్షణంలోనే.

అలా కూర్చోవాల్సిన క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు (సీఆర్పీలు) మనకూ ఉన్నారు. వాళ్ల రోజులు బడుల గణాంకాల వ్యవస్థ ‘యూడైస్’కు వివరాలు సేకరించడానికి, ఆఫీసు అడిగిన నివేదికలు పంపడానికి సరిపోతున్నాయి. బడికి వచ్చినా చూసేది రిజిస్టర్లనే. ఇక ఆ సీఆర్పీల పని గమనించి, వాళ్లతో కూర్చుని మాట్లాడేవారెవరు? కోచ్‌కూ ఒక అద్దం కావాలన్న ఆలోచనే మన వ్యవస్థకు తట్టలేదు.

కోచింగ్‌కు ఖర్చెక్కువ అంటారు. నిజమే. 2018లో పరిశోధకులు క్రాఫ్ట్, బ్లేజర్, హోగన్ టీచర్ల కోచింగ్‌పై వచ్చిన 60 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఫలితం పలచబడినట్టూ కనిపించింది. అందుకే ఒక్కో కోచ్‌కు బడుల సంఖ్య తగ్గించాలి, డేటా పని తప్పించాలి. 0.12 ఇచ్చే పద్ధతికే కోట్లు పోస్తూ, 0.24 ఇచ్చేదానికి డబ్బుల్లేవనడం ఏం పొదుపు?

2019లో కేంద్రం ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం ‘నిష్ఠ’ మొదలైనప్పుడు 42 లక్షల మంది టీచర్లకు శిక్షణ ఇస్తామని ఘనంగా చెప్పారు. తలలు లెక్కపెట్టారు, గంటలు లెక్కపెట్టారు, సర్టిఫికెట్లు లెక్కపెట్టారు. ఈ విద్యా సంవత్సరంలో ఒక్కో టీచరు పాఠాన్ని ఎవరైనా పూర్తిగా విని, ఆ తర్వాత కూర్చుని మాట్లాడిన గంటలెన్నో రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ప్రకటించాలి. ఆ అంకె చెప్పలేనంతకాలం, 50 గంటలు నిండలేదని ఏ టీచరుకూ మెమో ఇచ్చే అర్హత వాటికి లేదు.