చేతి కూలి ఎక్కడ రాసిండ్రు?

‘చేత్తో చేసినది’ అని చీటీ కట్టి అమ్ముతరు. ఆ చెయ్యి ఎవరిదో చీటీ మీద ఉండదు. ఆ చేతికి ఎంత ముట్టిందో అసలే ఉండదు. పుస్తకంల పేజీ గుర్తుకు పెట్టుకునే తోలు బుక్‌మార్కు ఒక్కటి పట్నం ప్రదర్శనల 180 రూపాయలకు పోయింది. కుట్టినోళ్ళకు ఇచ్చింది 30. కుట్టినోళ్ళు మా నాయిన, మా తమ్ముడు. నేను సర్కారు బడిల లెక్కలు చెప్పే పంతులును. కాబట్టి ఈ లెక్క నేనే చెప్త.

బుక్‌మార్కు పొడుగు ఏడంగుళాలు, వెడల్పు అంగుళంన్నర. అంటే పదిన్నర చదరపు అంగుళాలు. అడుగు తోలు 144 చదరపు అంగుళాలు. బడి లెక్క ప్రకారం అడుగుకు పదమూడు రావాలె. తోలు బడి లెక్క వినదు. పశువు బతికిన బతుకంతా దాని మీద ఉంటది. ముళ్ళకంప గీసిన గీత, పిడుదు కరిచిన మచ్చ, వాత పెట్టిన గుర్తు, వొలిచేటప్పుడు కత్తి దిగిన గాటు. పొట్ట కాడి తోలు సాగుతది, ఇందుకు పనికిరాదు. అవన్నీ తీసేస్తే అడుగుకు తొమ్మిది వస్తయి. చెన్నై పెరియమేట్ నుంచి తెప్పించిన తోలు మాకు అడుగు 135 పడ్డది. అంటే ఒక్కోదానికి తోలు 15 రూపాయలు. దారం, మైనం, రంగు, జిగురు కలిపి 3. ఆరె, రంపె అరుగుదల 1. రానుపోను కిరాయి 1. మొత్తం 20.

ఇగ పని. రంపెతో కొలత ప్రకారం కోయాలె. అంచులు లోపలి దిక్కు పలుచగ చెక్కాలె, లేకుంటే పుస్తకం సరిగ మూతపడదు, పేజీ మీద అచ్చు పడతది. ఆరెతో సమానంగ బెజ్జాలు పొడవాలె. రెండు సూదులతో రెండు దిక్కుల నుంచి కుట్టాలె. అంచుకు మైనం పట్టించి మెరిసేదాక గుడ్డతో రుద్దాలె. నలభై నిమిషాలకు తక్కువ కాదు. గడియారం ముందల పెట్టుకొని పక్కన కూసొని నేనే చూసిన. ఎనిమిది గంటల పొద్దుకు పన్నెండు అయితయి.

ముప్పైలోంచి ఇరవై తీస్తే పది. పన్నెండు పదులు నూట ఇరవై. పొద్దంతా నడుం వంచి కుట్టిన మనిషికి 120 రూపాయలు! 2024-25ల తెలంగాణల ఉపాధి హామీ రోజు కూలి 300. మా ఊర్ల తాపీ మేస్త్రికి 900, పైన రెండుసార్లు చాయ. రెండు వందల బుక్‌మార్కులకు పదిహేడు రోజుల పని పట్టింది. చేతికి మిగిలింది 2000.

కొన్నోళ్ళు చెడ్డోళ్ళేం కాదు. చేతివృత్తులను కాపాడాలని సభలు పెట్టెటోళ్ళే. అడిగితే దాచకుండ ఖర్చు కాయితం చూపించిండ్రు. అందులో డిజైను, స్టాలు కిరాయి, ఫొటోలు, కమీషన్ అన్నీ వరుసగ ఉన్నయి. అట్ట డబ్బాకు 22 రూపాయలు రాసిండ్రు. ‘సరుకు, తయారీ’ అని ఒకే వరుసల 30. చేతి కూలి ఎక్కడ రాసిండ్రు అని అడిగిన. ఆమె నవ్వి, “మీకు అలవాటైన పనే గద సార్” అన్నది.

మిత్రులారా, ఈ మాటను జాగ్రత్తగ చూడుండ్రి. డాక్టరుకు సూది వేయడం అలవాటైన పనే. వకీలుకు వాదించడం అలవాటైన పనే. అలవాటు పెరిగినకొద్దీ వాళ్ళ ఫీజు పెరుగుతది, మనకు తగ్గుతది. ఎందుకంటే మన పనికి ధర అనేదే మొదటినుంచీ లేదు. మా తాత పటేలు బావికి మోట బొక్కెన కుట్టిండు, తొండం కుట్టిండు, ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టిండు. అన్నీ వెట్టి. కల్లం కాడ పటేలు చేతికి వచ్చినన్ని గింజలు. ఎంత అని అడుగుడే తప్పు. ఆ వెట్టి పోయింది. కరెంటు మోటర్లు వచ్చి మోట పోయింది. ప్లాస్టిక్ చెప్పులొచ్చి మా గిరాకీ పోయింది. మాదిగోని పొద్దుకు వెల కట్టనక్కర లేదన్న నమ్మకం మాత్రం ఉన్నకాడనే ఉన్నది. పట్నంల దానికి అట్ట డబ్బా తొడిగిండ్రు, అంతే.

మా నాయిన పదేండ్లకు ఆరె పట్టిండు. బడి మానేసి పట్టిండు. అప్పటికి మా వాడ చివర ఇంకా లందలు ఉండేవి. సున్నంల నానబెట్టి వెంట్రుక ఊడదీసుడు, కండ గీకుడు, తంగేడు చెక్క రసంల రోజుల తరబడి తిప్పుడు, ఏ రోజు తోలు చాలినంత పదునెక్కిందో వేలితో ఒత్తి చెప్పుడు. ఇదంతా చదువు కాదా? ఆ చదువుకు నాయిన కట్టిన ఫీజు ఆయన పోగొట్టుకున్న బడి. తంగేడు పువ్వు 2014ల రాష్ట్ర పుష్పం అయింది, సంతోషం. తంగేడు చెక్కతో చేతులు నల్లబడ్డోళ్ళ వాసనే ఎవరికీ పడలేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి అన్నది. ఎవరి దగ్గర నేర్వాలె అంటే వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు అని వరుస చెప్పింది. చెప్పులు కుట్టెటోడు ఆ ‘మొదలైనవారు’ల ఎక్కడో ఉన్నడనుకోవాలె.

తోలు అంటేనే అందరికీ చీదర అని కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మలకు మంచి పేరుంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. వాళ్ళు మేక తోలు మీద బొమ్మ గీసి దీపాల షేడ్లు, బుక్‌మార్కులు కూడ చేస్తరు. వాళ్ళకు ఎంత మిగులుతదో వాళ్ళే చెప్పాలె, నేను చెప్పను. కానీ అక్కడ తోలు వెనక మనిషి పేరు ఉన్నది. మా నాయిన కుట్టినదాని మీద దుకాణం పేరు ఉన్నది.

ధర పెంచితే ఎవరు కొంటరు, మిషన్ది ఇరవైకే వస్తది అంటరు. వస్తది. అయితే మిషన్దే కొనుండ్రి. ఇనుప అచ్చు చేయించి కొట్టి, కుట్టు తీసేస్తే మా తమ్ముడు కూడ పావుగంటకు ఒకటి తీస్తడు, ధర దిగుతది. అప్పుడు ‘చేత్తో చేసినది’ అన్న చీటీ కూడ తీసేయాలె. మిషన్ ధరకు చెయ్యి కావాలంటే అది బేరం కాదు, వెట్టి.

ఇంటోళ్ళను కూడ అనాలె. 1994 జూలై 7న ఈదుముడిల దండోరా మొదలైనంక పేరు చివర మాదిగ అని రాసుకునే ధైర్యం వచ్చింది. రేటు అడిగే కాడ ఇంకా నోరు పెగులుత లేదు. మన సభలకు డప్పు కొట్టెటోళ్ళకు బువ్వ పెట్టి బస్సు కిరాయి ఇచ్చి ‘ఉద్యమం గద తమ్ముడూ’ అంటున్నం. మైకు సెట్టోనికి మాత్రం రొక్కం లెక్కబెట్టి ఇస్తున్నం. అచ్చాఫీసుకు సగం పైకం ముందే కడుతున్నం. ఉద్యమం ఒక్క డప్పోనిదేనా?

నేను, తమ్ముడు కూసొని కొత్త ధర కట్టినం. సరుకు 20. తాపీ మేస్త్రి కూలి లెక్కన నలభై నిమిషాలకు 75. చెడిపోయిన ముక్కలకు, గిరాకీ లేని రోజులకు 15. మొత్తం 110. నాయిన ఆ కాయితం చూసి భయపడ్డడు. “ఇంత అడుగుతే రేపటినుంచి ఎవడొస్తడు బిడ్డా?” అన్నడు. పట్నపోళ్ళు నిజంగనే మళ్ళ రాలేదు.

వచ్చే నెల జిల్లా మహాసభకు వచ్చే అతిథులకు ఇయ్యను మూడు వందల బుక్‌మార్కులు కావాలని మన సంఘమే కబురు పెట్టింది. ఇరవై అయిదు రోజుల పని, 33,000 రూపాయలు, సగం ముందు ఇయ్యాలె, వెనక దిక్కు కుట్టినోళ్ళ పేర్లు ఉండాలె అని రాసి పంపిన. చీటీ ముట్టిందని ఫోన్ చేసిండ్రు. ‘మనోళ్ళమే గదన్నా, కొంచెం చూడు’ అన్నరు. చూసేది ఏం లేదు, లెక్క కాయితంల ఉన్నది అని చెప్పిన. పైకం ఇంకా రాలేదు. తోలు ఇంకా తెప్పించలేదు.