ఆయా కాగితాలు సరే, మన కాగితాలో?



దోహాలో మనవాళ్ళు నలుగురు కలిసినచోట ఈ మధ్య తరచుగా వినపడుతున్న ప్రశ్న: "అన్నా, నమ్మకమైన ఆయా ఎవరైనా ఉన్నారా?" ఒకప్పుడు పిల్లల కోసం అడిగేవాళ్ళు. ఇప్పుడు అమ్మానాన్నల కోసం. వెంటనే తలా ఒక సలహా ఇస్తారు. పాస్‌పోర్టు కాపీ తీసుకో, పోలీస్ సర్టిఫికెట్ అడుగు, హాల్లో కెమెరా పెట్టు. ఇంతకుముందు ఎవరింట్లో చేసింది, అక్కడ ఎందుకు మానేసింది అని మాత్రం ఎవరూ అడగరు.

నేనూ అడగలేదు. నాన్నగారు పక్షవాతం నుంచి కాస్త తేరుకుని మా దగ్గర కొన్ని నెలలు ఉన్నప్పుడు, పగటిపూట చూసుకోడానికి కోనసీమ ఆవిడ ఒకామె దొరికింది. ఐడీ కార్డు మీద స్పాన్సర్ వేరే మనిషి. అలా పెట్టుకోవడం చట్టవిరుద్ధమని తెలిసే పెట్టుకున్నాను. నేనొక్కణ్ణే కాదు, ఇది చదువుతున్నవాళ్ళలో కూడా కొందరున్నారు, మొహమాటం ఎందుకు?

మూడో వారంలో మా ఆవిడ అడిగితే సంగతి బయటపడింది. పాత ఇంట్లో మంచానపడ్డ ముసలమ్మకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, రాత్రిళ్ళు లేచి పక్కకు తిప్పడం, పైగా ఇంటిల్లిపాదికీ వంట. వీసాలో రాసింది "హౌస్ మెయిడ్". మనిషిని ఎలా లేపాలో ఎవరూ నేర్పలేదు. ఒకరోజు లేపబోయి ముసలమ్మతో సహా కింద పడింది. జీతం కోశారు. ఆ తర్వాత బయటికొచ్చేసింది. "నన్ను అన్నీ చెక్ చేశారండీ, రక్తం కూడా తీశారు. ఆ ఇల్లు ఎలాంటిదో మాత్రం నాకెవరూ చెప్పలేదు" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఖతార్‌లో ఆస్పత్రి నర్సు కావాలంటే డిగ్రీ, అనుభవం అన్నీ డేటాఫ్లో ద్వారా జారీ చేసిన చోటే సరిచూస్తారు, అర్హత పరీక్ష పెడతారు. మంచిదే. హైదరాబాద్ ఖతార్ వీసా సెంటర్లో వేలిముద్రలు, వైద్య పరీక్ష, కాంట్రాక్టు సంతకం ఉంటాయి. అదీ మంచిదే. కానీ నాలుగు గోడల మధ్య, ఎవరూ చూడని చోట, మాట పడిపోయిన వృద్ధుడి ఒంటిమీద చెయ్యి వేసే మనిషికి ఆ పని వచ్చా అని అడిగేవాడు లేడు. ఆమెను పంపుతున్న ఇంటిని అడిగేవాడు అసలే లేడు. మన భాషలో చెప్పాలంటే క్లయింటుని పదిసార్లు అథెంటికేట్ చేసి, సర్వర్ ఎవరిదో చూడకుండా పాస్‌వర్డ్ ఇచ్చేయడం.

ఖతార్ 2017లో తెచ్చిన 15వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ళకు రోజుకు గరిష్ఠంగా 10 గంటల పని, వారానికో సెలవు అంది. 2020లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 105 మంది ఇంటి పనివాళ్ళతో మాట్లాడితే, 90 మంది రోజూ 14 గంటలకు పైగా చేస్తున్నామన్నారు. 87 మంది పాస్‌పోర్టులు యజమానుల దగ్గరే ఉన్నాయి. పద్దెనిమిది గంటలు నిద్రలేని మనిషి చేతిలో మీ అమ్మగారిని పెట్టి, పోలీస్ సర్టిఫికెట్ క్లీన్‌గా ఉందని ఆఫీసుకి వెళ్ళిపోతారా?

పోలీస్ కాగితం చెప్పేది కేసుల సంగతి. నోరు మూసుకున్న ఇళ్ళ సంగతి దానికి తెలియదు. ఇంగ్లండులో 2011లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో, మానసిక ఎదుగుదల లోపమున్న పెద్దవాళ్ళని సిబ్బంది కొడుతూ హింసించడం బీబీసీ రహస్య కెమెరాకు చిక్కింది. 2012లో 11 మందికి శిక్షలు పడ్డాయి. నేరచరిత్ర తనిఖీలు అప్పటికే ఉన్న దేశమది! అక్కడ పనిచేసిన ఒక సీనియర్ నర్సు ముందే ఫిర్యాదు చేస్తే యాజమాన్యమూ పట్టించుకోలేదు, ప్రభుత్వ తనిఖీ సంస్థా పట్టించుకోలేదు. అక్కడి ఇప్పటి నిబంధనల్లో, అభ్యర్థి వెనకటి సంరక్షణ ఉద్యోగం ఎందుకు మానేశారో కూడా యజమాని సరిచూసుకోవాలి. మనం కెమెరా దగ్గరే ఆగిపోయాం.

ఇక మన ప్రభుత్వాల ఘనత. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్ళలోపు ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్ళకూడదు. 2016 నుంచి పైవయసు వాళ్ళని కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. కాగితం మీద అద్భుతం. ఊళ్ళో సబ్ ఏజెంటు విజిట్ వీసా చూపిస్తాడు, ఆమె ఏ రికార్డులోనూ లేకుండా విమానం ఎక్కుతుంది. రక్షణ పేరుతో తలుపు మూస్తే కిటికీ బేరం పెరిగింది, అంతే. నిషేధాలు ఇంకా బిగించమనే పెద్దలు మన సంఘాల్లోనూ ఉన్నారు. వాళ్ళింట్లో పనిచేసే ఆవిడ ఏ వీసా మీద వచ్చిందో ముందు కనుక్కోమనండి.

ఆంధ్రలో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. వృద్ధుల సంరక్షణకు పంపేవాళ్ళకు మనిషిని లేపడం, మందులు ఇవ్వడం నేర్పి పంపమని అడుగుదాం. వీసాలో పనేమిటో ఉన్నదున్నట్టు రాయమందాం. వెనక్కి వచ్చిన ప్రతి ఆవిడనీ ఆ ఇంటి గురించి అడిగి రాసుకోవాలి, మళ్ళీ అదే ఇంటికి ఇంకొకరిని పంపేముందు ఆ రాసింది చూడాలి. ఇదేం రాకెట్ సైన్సు కాదు, ఒక డేటాబేస్. కట్టిపెట్టడానికి మనలో వందమంది ఉన్నాం.

అంతవరకూ, ఎవరైనా ఆయా కావాలంటే తిరిగి నాలుగు ప్రశ్నలు వేయండి. రోజుకు ఎన్ని గంటలు? సెలవు ఏ రోజు? రాత్రి లేవాల్సి వస్తే మర్నాడు ఎవరు చూస్తారు? పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటుంది? నా జవాబులు వచ్చే సమావేశానికి రాసి తెస్తాను. మొదటిదానికే నాకు చెమటలు పడుతున్నాయి.