దేనికోసం ఈ ఎదురుచూపు?



2023 సెప్టెంబరు 22న యాపిల్ వాచ్ అల్ట్రా 2 మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అప్పటి ధర 89,900 రూపాయలు. గుండె వేగం చెబుతుంది, ఈసీజీ తీస్తుంది. దానికోసం రోజులు లెక్కపెట్టినవారిలో మన సంఘాల బిడ్డలూ ఉండే ఉంటారు.

సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల మధ్య, నాందేడ్‌లోని శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు. వారిలో 12 మంది పసికందులు. మందులు బయట కొనుక్కు రమ్మన్నారని బంధువులు ఏడ్చారు. కొరతేమీ లేదని అధికారులు చెప్పారు. బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మన తెలుగు పేదలకూ జిల్లాలో పెద్దాసుపత్రి అదే.

వాచ్ కొనడం పాపమని నేననను. దేవుడిచ్చిన శరీరాన్ని కాపాడుకోవాల్సిందే. కానీ ఆరోగ్యం అంటే ఎవరి మణికట్టుకు వారు కట్టుకునే సొంత ఆస్తి అనుకుంటే, పక్కింటి పసిగుండె ఆగినా మనకు వినబడదు. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా వ్యాధితో ఉన్నవాడికి నీళ్లలో దించే మనిషి లేడు. యేసు అతని దగ్గరికే వెళ్లాడు. మనం ఏ వరుసలో నిలబడ్డాం?

మీ ప్రభుత్వాసుపత్రిలో ఎన్ని నర్సు పోస్టులు ఖాళీ? ఏ మందులు నిండుకున్నాయి? సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ జవాబు కోసం ఎదురుచూడండి. రాకపోతే అప్పీలు చేయండి. వస్తే, యువజన కూటమి అంతా కలిసి సూపరింటెండెంటు ముందు పెట్టండి.