ప్రయోగశాలయు గల్లాపెట్టెయు

మన దేశము సంపాదించు ప్రతి నూరు రూపాయలలో శాస్త్రపరిశోధనకు వినియోగమగుచున్నది సుమారు 64 పైసలని 2020-21 నాటి ప్రభుత్వపు లెక్క. దక్షిణ కొరియా ఐదు రూపాయల వఱకును, జర్మనీ మూడు రూపాయలకు పైగాను వెచ్చించుచున్నవి. ఈ యంకెలను జూపి ప్రభుత్వమును దూషించుట సభలలో పరిపాటియైనది. దూషింపవలసినదే. కాని యా ధనము నెవ్వ రిచ్చుచున్నారని విచారించినచో నింద వేఱొక వాకిటికి గూడ పోవును. కొరియాలో పరిశోధనవ్యయమున నాలుగింట మూడు పాళ్లు వర్తకసంస్థలవి. మనకడ ప్రైవేటు కంపెనీల భాగము నూటికి 36 మాత్రమే.

కొరియా వర్తకులు పుట్టుకతోనే శాస్త్రప్రియులు కారు. 1966లో అచ్చటి ప్రభుత్వము సియోలు నగరమున నొక పరిశోధనాసంస్థను స్థాపించి, విదేశములలో స్థిరపడిన తన విద్వాంసులను మంచి జీతములిచ్చి పిలిపించుకొనెను. కర్మాగారములకు గావలసిన పనులను వారిచే జేయించెను. రుచి మరగిన పిమ్మట కంపెనీలే సొంత ప్రయోగశాలలు నెలకొల్పుకొన్నవి.

జర్మనీ మార్గము వేఱు. 1949లో పుట్టిన ఫ్రౌన్‌హోఫర్ సంఘమునకు ప్రభుత్వము నికరముగా నిచ్చునది మూడవవంతు ప్రాయము. తక్కినది కర్మాగారముల పనులవలనను, పోటీలో గెలిచిన ప్రణాళికలవలనను సంపాదించుకొనవలసినదే. అట్లని మూలశాస్త్రమును వా రుపేక్షింపలేదు. దానికై మాక్స్ ప్లాంక్ సంఘము ప్రత్యేకముగా గలదు. ఫలమెప్పుడని దానిని నిలదీయువారు లేరు.

ఇట్టి పొత్తు మనకు పొసగదందురా? హైదరాబాదును జూడుడు. 1970 నాటి పేటెంటు చట్టము మందులను మన సొంత విధానమున తయారుచేసికొనుటకు దారి తెఱచినది. ఆ నగరమందలి ప్రభుత్వ రసాయన పరిశోధనాశాల, ఎ. వి. రామారావుగారి నాయకత్వమున, ఎయిడ్సు రోగమునకు వాడు జిడోవుడిను తయారీవిధానమును రూపొందించి సిప్లా కంపెనీకి ఒసంగెను. చట్టము, శాల, వర్తకుడు మువ్వురును గలసినగదా మందు బీదవాని కందుబాటులోనికి వచ్చినది!

2023 చట్టముచే అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థ యేర్పడినది. ఐదేండ్లకు నిర్ణయించిన 50,000 కోట్లలో 36,000 కోట్లు ప్రభుత్వేతర మార్గములనుండి రావలెనట. ఎవరి గల్లాపెట్టెనుండి? పైగా 2025లో, ప్రైవేటు పరిశోధనకు స్వల్పవడ్డీ ఋణములకై లక్ష కోట్ల నిధిని మంత్రివర్గ మామోదించినది. ఋణము గోరు ప్రతి కంపెనీయు గడచిన యైదేండ్లలో తాను పరిశోధనకు వెచ్చించిన దెంతయో ముందుగా ప్రకటింపవలెననియు, పొందిన సొమ్ములో కొంత మన విశ్వవిద్యాలయముల ప్రయోగశాలలకు పని యప్పగించుటకే వాడవలెననియు ప్రభుత్వము నిబంధన విధింపవలయును.