మడి కోసం కుక్కను వీధిపాలు చేస్తే...

కంచిలి: పెరట్లో ఆకుకూరల మడిని పెంపుడు కుక్క తవ్వి పాడుచేస్తే ఆ నష్టం ఆ ఇంటిదే. ఆ కోపంతో కుక్కను బయటకు తోలి తలుపు మూసేస్తే నష్టం ఊరందరిదీ అవుతుంది. వీధికుక్కల బెడదపై ఎంత చర్చ జరిగినా ఈ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. వీధిలో తిరిగే ప్రతి కుక్కా వీధిలో పుట్టింది కాదు. కొన్ని నిన్నమొన్నటి వరకు ఎవరో ఒకరి వాకిట్లో అన్నం తిన్నవే.

ఈ సమస్య 2025లో సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టిన చోటనే వదలాలని, పిచ్చికుక్కలను, మీదపడి కరిచే వాటిని మాత్రం వదలరాదని ఆగస్టు 22న ఆదేశించింది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తరలించాలని, తిరిగి అక్కడ వదలరాదని నవంబరు 7న మరో ఉత్తర్వు ఇచ్చింది. కంచిలిలో ఉన్న సోంపేట రైల్వే స్టేషను వంటి చిన్న స్టేషన్లకూ ఇది వర్తిస్తుంది. అయితే ఒకవైపు కుక్కలను పట్టుకుపోతుంటే మరోవైపు ఇళ్ల నుంచి కొత్త కుక్కలు వీధికెక్కుతుంటే ఈ పని ఎన్నటికి తెమిలేను?

కుక్క లేనిదే గడవదు

ఉద్దానంలో కుక్కను సరదాకు పెంచేవారు తక్కువ. తోటలో కాపలాకు, రాత్రివేళ అలికిడైతే మొరిగి లేపడానికి అది కావాలి. జీడి, పనస పండే రోజుల్లో ఎలుగుబంట్ల భయం ఉండనే ఉంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిలో పలువురు గాయపడిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు. మరోవంక, 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అటువంటి దెబ్బ తిన్నచోట లేత కొబ్బరి మొక్క కుదురు చెదిరినా రైతుకు ప్రాణం పోయినట్లే ఉంటుంది. కుక్కా కావాలి, మొక్కా దక్కాలి. చిక్కు ఇక్కడే ఉంది.

ఎందుకు తవ్వుతుంది?

కుక్క పగబట్టి మడిని తవ్వదు. ఎండవేళ దానికి చల్లని చోటు కావాలి. ఇసుక నేలలో ఉదయం తడిపిన మడికన్నా చల్లని పడక మరొకటి లేదు. మొక్క మొదట్లో చేపల వ్యర్థాలో, ఎముకల పొడో ఎరువుగా వేస్తే ఆ వాసనకు తవ్వుతుంది. పందికొక్కు కన్నం ఉంటే దాని వెంటపడుతుంది. ఈనబోయే కుక్క గుంట చేసుకుంటుంది. రోజంతా కట్టేసి వదిలిన కుక్క ఏ పనీ తోచక తవ్వుతుంది.

పచ్చిక మాడిపోవడానికి కారణం వేరు. కుక్క మూత్రంలో యూరియా ఉంటుంది. యూరియా ఒకేచోట గుప్పెడు పడితే మొక్క ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. కుక్క మూత్రం పోసిన వెంటనే ఆ చోట చెంబెడు నీళ్లు పోస్తే చాలావరకు మాడదు.

పనికివచ్చే ఉపాయాలు

కుక్కను మడిలోకి రావద్దంటే చాలదు, ఎక్కడ ఉండాలో కూడా చూపాలి. పెరట్లో ఓ మూల చెట్టు నీడన కాస్త ఇసుక పోసి, తడిపి, పక్కన నీళ్ల తొట్టి పెడితే మెల్లగా అదే దాని చోటవుతుంది. మడి చుట్టూ కొబ్బరి కమ్మల దడి కట్టి, దడి మొదట్లో రాళ్లు పేర్చాలి. చేపల వ్యర్థాలను పైపైన కాక లోతుగా పూడ్చి, పైన కొబ్బరి డొక్కలు కప్పాలి. ఉదయం, సాయంత్రం కాసేపు బయట తిప్పితే దాని ఉబలాటం తీరుతుంది. తవ్వుతుండగా అదిలిస్తే దానికి తెలుస్తుంది. గంట తరువాత కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు, భయపడి కరవడం మాత్రం నేర్చుకుంటుంది.

మడి దగ్గర పురుగుమందు గుళికలు కలిపిన అన్నం పెట్టడం ఘోరం. ఆ అన్నం కోళ్లకు, దూడలకే కాదు, పెరట్లో ఆడుకునే పసిపిల్లలకూ ముప్పే.

చట్టం ఏమంటున్నది?

జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. కుక్కను మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం దాని ప్రకారం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరమే. సరైన కారణం లేకుండా తిండీ నీళ్లూ లేక మాడేలా వదిలేయడమూ నేరమే. తన జంతువు వల్ల మనుషులకు అపాయం కలగకుండా జాగ్రత్తపడని యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, 5000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను చెబుతున్నది.

చట్టం మాట ఎలా ఉన్నా, అసలు భయం రేబీస్. ఇంట్లో ఉండగా ఏటా టీకా వేయించగలిగిన కుక్కకు వీధిన పడ్డాక వేయించేవారెవరు? రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిస్తే పసరు, కారం పూయకుండా, సబ్బుతో 15 నిమిషాలపాటు ధారగా నీళ్లు పోసి కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సూదులు చెప్పిన తేదీలకు తప్పకుండా వేయించుకోవాలి.

పంచాయతీలు వీధికుక్కల లెక్క తీయడానికి ముందు పెంపుడు కుక్కల లెక్క తీయాలి. ఏ ఇంట కుక్క ఉన్నదో, టీకా ఎప్పుడు వేశారో ఓ పుస్తకంలో రాసుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పశువైద్య సిబ్బంది టీకాలకు ఊరికి వచ్చే రోజును ముందుగా దండోరా వేయించాలి. పిల్లలు వద్దనుకునే వారి కుక్కలకు శస్త్రచికిత్స చేయించే ఏర్పాటు మండల కేంద్రంలోనైనా ఉండాలి. అధికారులు ఇంత చేసినా ఇంటివారి వంతు ఇంటివారిదే. తోటకూర మడి నెల తిరిగేసరికి మళ్లీ వస్తుంది. వీధిపాలైన కుక్క ఏ పసిబిడ్డనో కరిస్తే ఆ తప్పు దిద్దుకునేందుకు వీలుండదు.